ఉరుకులమ్మ ఎత్తుకొచ్చిన పాపాయి

ఒకప్పుడు చీమలకి దారిలో ఆగడమంటే ఏంటో తెలీదు.

ఎదురుగా ఎవరొచ్చినా మొహం చూసేవి కావు. పక్కనుంచి రయ్యిన పోయేవి. సొంత అక్కచెల్లెళ్ళు ఎదురుపడ్డా అంతే. ఒకదాన్నొకటి గుద్దుకుంటే లేచి, ఒళ్ళు దులుపుకొని, మళ్ళీ పరుగే. పలకరింపులు పనీపాటా లేనివాళ్ళకని వాటి గట్టి నమ్మకం.

అలాంటి చీమల కుటుంబం ఒకటి ఓ పెరట్లో రుబ్బురోలు కింద కాపురముండేది. తల్లి చీమ ఒక్కతే. పిల్లలు మాత్రం ఇల్లు పట్టనంతమంది. పొద్దున్న లేచేసరికి కొత్త పాపాయిలు. మధ్యాహ్నం ఓ కునుకు తీసి లేస్తే మళ్ళీ కొత్త పాపాయిలు. ఇంతమందికి ఆవిడొక్కతే ఎక్కడ తినిపిస్తుంది, ఎక్కడ ఒళ్ళు తుడుస్తుంది, ఎక్కడ జోల పాడుతుంది?

అందుకని ఆ ఇంట్లో ఓ పద్ధతి పెట్టుకున్నారు. కాళ్ళొచ్చిన ప్రతి అక్కకీ కాళ్ళు రాని పాపాయినొకదాన్ని అప్పజెప్పేవారు. అప్పజెప్పాక ఇక ఆ పాప మంచీచెడూ ఆ అక్కవే. నోట్లో ముద్ద పెట్టాలి. మట్టి అంటితే తుడవాలి. చలేస్తే వెచ్చటి అరలోకి, ఉక్కపోస్తే చల్లటి అరలోకి మార్చాలి. ఒక అక్క పాపని ఇంకో అక్క ముట్టుకోదు. ఎవరి పాప వాళ్ళదే.

చీమల పాపాయిల్ని మీరెప్పుడైనా చూశారా? కాళ్ళుండవు. చేతులుండవు. తెల్లగా, నున్నగా, ఇంతేసి ఉంటాయి. ఉన్నదల్లా ఒక్క నోరే. ఆ నోటికి మాత్రం ఎంత పెట్టినా చాలదు.

ఆ ఇంటి అక్కల్లో ఒకదాని పేరు ఉరుకులమ్మ. పేరు ఊరికే రాలేదు. దాని ఆరు కాళ్ళూ ఒకేసారి నేలమీద ఆనడం ఎవరూ చూడలేదు. నిద్రలో కూడా కాళ్ళాడిస్తుందని చెప్పుకునేవారు. దానికి అప్పజెప్పిన చెల్లి పేరు బొద్దులు.

బొద్దులుకి వచ్చింది ఒకటే మాట. "మళ్ళీ!"

ముద్ద పెడితే "మళ్ళీ!" ముద్దు పెడితే "మళ్ళీ!" పోనీ కోపమొచ్చి ఓ తిట్టు తిడితే దానికీ "మళ్ళీ!"

"నా ప్రాణం తోడేస్తోందమ్మా ఈ పిల్ల!" అని ఉరుకులమ్మ రోజుకోసారైనా అనేది. అంటూనే తన కడుపులో దాచుకున్న తీపి కాస్తా దాని నోట్లో పెట్టేసేది. ఇంకెవరైనా వచ్చి "అబ్బో, నీ చెల్లికి ఆకలెక్కువే" అన్నారో, వాళ్ళ పని అయిపోయినట్టే. బొద్దులంటే ఉరుకులమ్మకి అంత ప్రాణం.

ఉరుకులమ్మ తర్వాతిది నిదానమ్మ. అది ఉరుకులమ్మకి సరిగ్గా ఉల్టా. పుల్ల కనబడితే ఆగుతుంది. పువ్వు రాలితే ఆగుతుంది. మీసాలు చాచి ఇటు తడిమి అటు తడిమి, వాసన చూసి, అప్పుడు అడుగేస్తుంది.

"నువ్వు పెళ్ళికని బయల్దేరితే బారసాలకి చేరతావే!" అని ఉరుకులమ్మ వెక్కిరించేది.

"రెండు చోట్లా భోజనాలే కదక్కా," అనేది నిదానమ్మ.

ఇలా ఉండగా ఓ రోజు పొద్దున్నే ఓ నల్లమబ్బు ఆయాసపడుతూ వచ్చి పెరటిమీద ఆగింది.

"రోలు కింది అమ్మా, ఉన్నావా?"

తల్లి చీమ తల బయటపెట్టింది. "ఉన్నా నాయనా. ఏంటలా రొప్పుతున్నావు?"

"నీళ్ళమ్మా, నీళ్ళు. సముద్రం దగ్గర్నుంచి మోసుకొస్తున్నా. ఇక నావల్ల కావడంలేదు. ఇక్కడే దింపేసుకుంటా. నీ ఇల్లు చూస్తే పల్లంలో ఉంది. పిల్లాజెల్లా ఉన్నదానివి కదా, ముందే ఓ మాట చెబుదామని ఆగా."

"చల్లటి మాట చెప్పావు నాయనా. కాస్త ఓపిక పట్టు, సర్దుకుంటాం."

మబ్బు వంటింటివైపు చూసింది. పొగ గొట్టంలోంచి అప్పుడే పొగ మొదలైంది. "ఈ ఇంట్లో ఎసట్లో బియ్యం పడేదాకా ఆగుతా. అంతకు మించి ఒక్క క్షణం కూడా నావల్ల కాదు," అంది.

ఇంకేముంది, రోలు కింద ఒకటే హడావిడి. వంటింటి గోడమీదుగా ఎక్కితే పైన అటక పక్కన మంచి పగులుంది. పొడిగా, వెచ్చగా ఉంటుంది. అక్కడికి కాపురం మార్చాలని తల్లి తీర్మానించింది.

"ఎవరి పాపని వాళ్ళే ఎత్తుకోండర్రా! దారిలో ఎక్కడా దింపకండి!" అని గట్టిగా చెప్పింది.

"అందరికంటే ముందు చేరేది నేనూ, మా బొద్దులే!" అంది ఉరుకులమ్మ. తల్లి మాట పూర్తయ్యేసరికే అది గడప దాటేసింది.

ఆ పెరడున్న ఇంట్లో అచ్చియ్యమ్మ అనే పిల్ల ఉంది. దానికీ ఇంటినిండా తమ్ముళ్ళూ చెల్లెళ్ళే. అందరికంటే చిన్నవాడు బుల్లబ్బాయి. వాడు ఎప్పుడు చూసినా అచ్చియ్యమ్మ చంకలోనే ఉండేవాడు. ఆ పూట అచ్చియ్యమ్మ వంటింట్లో చాట ముందేసుకొని బియ్యంలో రాళ్ళేరుతోంది. బుల్లబ్బాయి బెల్లం ముక్క చప్పరిస్తూ మూతంతా పులుముకున్నాడు. వాడి మూతి కడగడానికి అచ్చియ్యమ్మ చాట అక్కడే పెట్టి పెరట్లోకెళ్ళింది.

సరిగ్గా అప్పుడే ఉరుకులమ్మ బొద్దుల్ని నోట కరుచుకొని వంటింట్లోకి దూసుకొచ్చింది. వచ్చీరాగానే దానికి ఘుమ్మని వాసన కొట్టింది. చూస్తే పీటకింద బెల్లం పలుకు. బుల్లబ్బాయి నోట్లోంచి జారిపడ్డదన్నమాట.

"ఓ గుక్క కడుపులో వేసుకుంటే సాయంత్రందాకా నీకు మళ్ళీ మళ్ళీ పెట్టొచ్చే!" అంది ఉరుకులమ్మ.

కానీ నోట్లో చెల్లి ఉండగా బెల్లం నాకడమెలా? నేలమీద దింపితే ఎవరి కాలికిందైనా పడుతుంది. అటూ ఇటూ చూసింది. పక్కనే చాట. గబగబా ఎక్కి, తెల్లగా, శుభ్రంగా కనిపించినచోట బొద్దుల్ని పడుకోబెట్టింది.

"ఇక్కడే ఉండు. కదిలావంటే ఊరుకోను!" అని వేలు చూపించినట్టు మీసం చూపించింది. కాళ్ళే లేనిదాన్ని కదలొద్దని బెదిరించింది, చూడండి.

దూకింది. నాకింది. మళ్ళీ చాట ఎక్కింది. పరుగు ఆపకుండానే తెల్లగా, నున్నగా, ఇంతేసి ఉన్నదాన్ని నోట కరుచుకుంది. అటువైపునుంచి దిగి గోడ పట్టుకుంది.

మీకు అర్థమైపోయింది కదూ? ఉరుకులమ్మకి మాత్రం కాలేదు. ఆగి చూస్తే కదా అర్థమయ్యేది!

గోడమీద నిదానమ్మ తన పాపనెత్తుకొని నింపాదిగా ఎక్కుతోంది. ఉరుకులమ్మ పక్కనుంచి దూసుకుపోతుంటే ఓ మీసం చాచింది.

"అక్కా, ఒక్కసారి ఆగవే. బొద్దులు ఒళ్ళేంటి ఇవాళ అంతలా మెరుస్తోంది?"

"ఒళ్ళు తుడిచి పెంచితే అలాగే మెరుస్తుంది. నీకు కుళ్ళు!" అంది ఉరుకులమ్మ వెనక్కి తిరక్కుండా.

ఇంకా ఎంతమంది అక్కలు ఎదురొచ్చారో లెక్కేలేదు. పైన పాపల్ని దింపి, తల్లిని ఎక్కించడానికి కిందికి దిగుతున్నవాళ్ళు, దాచుకున్న గింజలు తేవడానికి పోతున్నవాళ్ళు. ఒక్కరైనా ఆగి "ఏదీ, పాపని చూడనీ" అంటే అప్పుడే తేలిపోయేది. ఎవరూ ఆగలేదు. ఉరుకులమ్మ ఎవర్నీ ఆగనివ్వనూ లేదు.

కొత్త ఇల్లు చేరింది. మంచి మూల చూసి, మెత్తటి దుమ్ము పరిచి, ఎత్తుకొచ్చినదాన్ని పడుకోబెట్టింది. చుట్టూ మిగతా అక్కల పాపలు ఒకటే గోల. ఉరుకులమ్మ పాప మాత్రం కిక్కురుమనలేదు.

"చూశారా మా బొద్దులు! ఇంత దూరం తెచ్చానా, దారిపొడుగునా ఒక్కసారి నోరెత్తితే ఒట్టు! ఎంత పెద్దరికం వచ్చేసిందో! చూసి నేర్పండే మీ పిల్లలకి," అని అందర్నీ దెప్పింది.

తర్వాత బెల్లం గుక్క పెట్టబోయింది. పాప నోరు తెరవలేదు.

"ఓసి నీ అలక చల్లగుండా! చాటలో వదిలానని కోపమా? ఒక్క చిటికెలో వచ్చేశా కదే!" బతిమాలింది. నోరు తెరవలేదు. బుజ్జగించింది. తెరవలేదు. చివరికి జోలెత్తుకుంది.

"జోజో బొద్దులమ్మ, జోజో బుజ్జమ్మ,
అక్క తెచ్చె బెల్లమ్ము, అలక మానమ్మ,
మబ్బు దిగే వేళాయె, మాట వినమ్మ,
నోరు తెరిచి ఒక్కసారి మళ్ళీ అనమ్మ."

ఎవరు పాడినా బియ్యపు గింజ 'మళ్ళీ' అంటుందా?

ఈలోగా తల్లి చీమ వచ్చింది. ఆవిడ ఒళ్ళు భారీది కదా, నలుగురు ముందునుంచి లాగుతూ, నలుగురు వెనకనుంచి నెడుతూ ఎక్కించారు. వచ్చీరాగానే ఒక్కో పాప దగ్గరికీ వెళ్ళి తడిమి చూడడం మొదలెట్టింది. ఉరుకులమ్మ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది.

"ఏమే, ఇదేంటి ఇంత గట్టిగా ఉంది?"

"జలుబు చేసి బిగుసుకుపోయిందేమోనమ్మా."

తల్లి మళ్ళీ తడిమింది. వాసన చూసింది. పళ్ళతో చిన్నగా కొరికి చూసింది. "దీన్నెక్కడ తెచ్చావే?"

"ఎక్కడ తేవడమేంటమ్మా! నువ్వు కన్నదేగా!"

"నేను చాలామందిని కన్నానమ్మా. బియ్యపు గింజని మాత్రం ఎప్పుడూ కన్లేదే తల్లీ," అంది తల్లి చీమ.

అరంతా ఘొల్లుమంది. నవ్వి నవ్వి కొందరు గోడమీంచి జారారు కూడా. ఆ నవ్వుల మధ్యలో ఎవరో చిన్నగా అడిగారు. "మరైతే బొద్దులేదీ?"

నవ్వు ఆగిపోయింది.

ఉరుకులమ్మకి తెల్లటి బియ్యం కళ్ళముందు కదిలాయి. చాటలో! చెల్లిని చాటలోనే వదిలేసింది! ఆ బియ్యం కాసేపట్లో ఎసట్లో పడతాయి!

కిందికి పరుగు తీసింది. గోడమీద బల్లి తోకాడిస్తూ "టిక్ టిక్ టిక్! ఎసరు పెట్టేశారు, ఎసరు పెట్టేశారు!" అంది. బల్లి పలికితే నిజమేనంటారు. పాపం, ఉరుకులమ్మకి ఆ మాట ఎప్పుడూ అంత భయంగా వినిపించలేదు.

ఎదురొచ్చిన ప్రతి అక్కనీ "మా బొద్దుల్ని చూశారా?" అని అరిచింది. అరిచి, జవాబు వినకుండానే వాళ్ళని దాటిపోయింది. వాళ్ళూ ఏం అరిచిందో వినిపించుకోకుండా దీన్ని దాటిపోయారు. అడిగినవాళ్ళు ఆగకపోతే, విన్నవాళ్ళు ఆగకపోతే, ఆ మాట ఏమైనట్టు? గాలికి పోయింది.

అంతలో ఢాం! తన పాపని పైన దింపి కిందికి దిగుతున్న నిదానమ్మని వెళ్ళి గుద్దుకుంది.

ఎప్పట్లా లేచి పారిపోబోయింది ఉరుకులమ్మ. కానీ నిదానమ్మ వదల్లేదు. రెండు మీసాలూ చాచి అక్క మొహం పట్టుకుంది. "ఆగక్కా. ఏమైంది?"

ఉరుకులమ్మ ఆగింది. పుట్టి బుద్ధెరిగాక దాని ఆరు కాళ్ళూ నేలమీద ఆనడం అదే మొదలు. ఆగగానే ఏడుపు ముంచుకొచ్చింది.

"బొద్దులనుకొని బియ్యపు గింజని ఎత్తుకొచ్చానే! పిల్లని చాటలో వదిలేశా! ఎసట్లో పోసేస్తారే!"

"ఏడవకు. నువ్వొక్కదానివీ పరిగెత్తితే నువ్వొక్కదానివే చేరతావు. ఉండు."

నిదానమ్మ తనకి దిగువనున్న అక్కని ఆపింది. మొహానికి మొహం ఆనించి సంగతి చెప్పింది. ఆ అక్క ఇంకో అక్కని ఆపింది. మీసాలు తాకించి చెప్పింది. ఆ అక్క ఇంకో అక్కకి. గోడ పొడుగునా కబురు కిందికి పాకింది. చేతులు ఖాళీగా ఉన్నవాళ్ళంతా చాటవైపు మళ్ళారు. పాపల్ని ఎత్తుకున్నవాళ్ళు "దింపి ఇప్పుడే వచ్చేస్తాం" అని పైకెళ్ళారు.

ఉరుకులమ్మ పడుతూ లేస్తూ చాట దగ్గరికి చేరేసరికి, కబురు దానికంటే ముందే చేరిపోయింది. అక్కలంతా చాట అంచున బారులు తీరి ఉన్నారు. తనకంటే వేగంగా పోయేది లోకంలో ఒకటుందని ఉరుకులమ్మకి ఆవేళే తెలిసింది.

కానీ చాట నేలమీద లేదు! అచ్చియ్యమ్మ తిరిగొచ్చి, తమ్ముణ్ణి చంకన సర్దుకొని, చాట చేతిలోకి తీసుకుంది. పొయ్యిమీద ఎసరు గుడగుడలాడుతోంది. "బియ్యమేవీ? బియ్యమేవీ? బియ్యమేవీ?"

ఉరుకులమ్మ అచ్చియ్యమ్మ కాలిమీదుగా పాకి చెయ్యెక్కి, బొటనవేలిమీద నిలబడి, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది. "అమ్మాయ్! ఆగమ్మా! ఆ చాటలో మా చెల్లుంది!"

అచ్చియ్యమ్మ కళ్ళు పెద్దవి చేసింది. "మీ చెల్లికి మా బియ్యంలో ఏం పని?"

"దానికేం పని లేదమ్మా, నాకే బుద్ధిలేదు. పెంచమని నా చేతిలో పెట్టారు. నేను ఇక్కడ దింపి, బెల్లానికెళ్ళి, తిరిగొచ్చి గింజని ఎత్తుకుపోయా."

వింటున్న అచ్చియ్యమ్మ మొహం అదోలా అయిపోయింది. చుట్టూ చూసి, ఎవరూ వినడంలేదని రూఢి చేసుకొని, వేలు దగ్గరికి వంగింది.

"ఎవరికీ చెప్పకేం? మొన్న తీర్థంలో నేను వీణ్ణి దింపి గాజులు చూస్తున్నా. చూస్తూ చూస్తూ పక్కనున్న పిల్లాణ్ణి చంకనేసుకొని వచ్చేశా. సగం దూరం వచ్చాక ఎవడా అని చూస్తే, మా కరణంగారి మనవడు! వెనక్కి ఉరికేసరికి మావాడు గాజులమ్మి గంపలో కూర్చుని గాజులన్నీ చేతికి తొడుక్కుంటున్నాడు." అచ్చియ్యమ్మ చాట మెల్లగా నేలమీద పెట్టింది. "వెతుక్కో. త్వరగా వెతుక్కో."

పొయ్యి దగ్గర్నుంచి అచ్చియ్యమ్మ తల్లి కేకేసింది. "ఏవే అచ్చీ! ఎసరు మరిగి సగమైంది. బియ్యం తెస్తావా, నన్ను లేవమంటావా?"

"రాళ్ళున్నాయే అమ్మా! ఏరుతున్నా!"

"నిన్ననే కదే ఏరాను!"

"మళ్ళీ వచ్చాయే!" అంది అచ్చియ్యమ్మ.

అక్కలంతా చాటలోకి దిగారు. ఉరుకులమ్మ అటునుంచి ఇటు ఒక పరుగు, ఇటునుంచి అటు ఒక పరుగు. ఎక్కడ చూసినా తెలుపే. ప్రతిదీ బొద్దుల్లాగే ఉంది. ఏదీ బొద్దులు కాదు.

"అక్కా, ఉరికితే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఒక్కోదాని దగ్గరా ఆగు. మొహం ఆనించు," అంది నిదానమ్మ.

ఆగడం ఉరుకులమ్మకి ఎంత కష్టమో చూసినవాళ్ళకే తెలుసు. కాళ్ళు వాటంతటవే పోతుంటాయి. పళ్ళు బిగబట్టి వాటిని ఆపుకుంది. ఒక గింజకి మొహం ఆనించింది. గట్టిగా ఉంది. కాదు. ఇంకోదానికి ఆనించింది. ఇదీ కాదు. ఇంకోటి. ఇంకోటి. పక్కన అక్కలంతా అలాగే ఆగి ఆగి చూస్తున్నారు.

బయట మబ్బు మూలిగింది. "ఇంకా పడలేదా బియ్యం? నా నడుం విరిగిపోతోందమ్మోయ్!"

ఎసరు గుడగుడమంది. "బియ్యమేవీ? బియ్యమేవీ?"

అందరూ చాటలోకే చూస్తున్నారు. బుల్లబ్బాయిని ఎవరూ చూడలేదు. వాడు చంకలోంచి కిందికి వంగి, గుప్పెడు బియ్యం పట్టుకొని, తిన్నగా నోటిదగ్గరికి తీసుకెళ్ళాడు!

"ఒరేయ్!" అచ్చియ్యమ్మ వాడి మణికట్టు పట్టేసుకుంది. "తెరువు! తెరవరా!"

వాడు తెరుస్తాడా? పైగా ఇంకా బిగించాడు. బిగిస్తుంటే చీమలన్నిటికీ పైప్రాణాలు పైనే పోయాయి. అచ్చియ్యమ్మకి తమ్ముడి గుట్టు తెలీదా! గట్టిగా లాగలేదు, కోప్పడలేదు. వాడి మెడకింద ఓ ఊదు ఊదింది. వాడు కిలకిలా నవ్వాడు. నవ్వుతో పాటే గుప్పిట వదులైంది.

బెల్లం జిగురున్న అరచేతికి గింజలు అక్కడక్కడా అంటుకున్నాయి. ఉరుకులమ్మ ఆ బుజ్జి చేతిమీదికెక్కింది. మొదటి గింజకి మొహం ఆనించింది. గట్టిగా ఉంది. పక్కదానికి ఆనించింది. గట్టిగా ఉంది. బొటనవేలి మడతలో ఇరుక్కున్నదానికి ఆనించింది.

మెత్తగా ఉంది. వెచ్చగా ఉంది. దాని చివర ఓ చిన్న నోరు తెరుచుకుంది.

"మళ్ళీ!"

ఉరుకులమ్మకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కడుపులో దాచుకున్న బెల్లమంతా దాని నోట్లో పెట్టేసింది. "మళ్ళీ!" అంది బొద్దులు. బెల్లం అయిపోయింది. ముద్దు పెట్టింది. "మళ్ళీ!" అంది బొద్దులు. "మల్లీ!" అన్నాడు బుల్లబ్బాయి కూడా, మెడకింద ఊదమని.

అక్కలంతా చాట దిగారు. అచ్చియ్యమ్మ ఒకటికి రెండుసార్లు చూసుకొని, బియ్యం కడిగి తెచ్చి ఎసట్లో పోసింది. "హమ్మయ్య!" అంది ఎసరు. "హమ్మయ్య!" అంది మబ్బు. అంతే, పెరడంతా కుండపోత. రోలు కింది ఇల్లు చూస్తుండగానే మునిగిపోయింది. కానీ అందులో ఎవరూ లేరు.

పైన అటక పక్కన ఉరుకులమ్మ తలొంచుకొని తల్లి ముందు నిలబడింది. తిడుతుందనుకుంది. తల్లి మొదట బొద్దుల్ని తడిమింది. తర్వాత ఉరుకులమ్మనీ అలాగే, చిన్నప్పటిలాగే తడిమింది.

"పరిగెత్తొద్దని నేననను తల్లీ. ఇంత సంసారంలో పరిగెత్తకపోతే పూట గడవదు. నాదీ తప్పుంది. ఎవరి పాప వాళ్ళదేనని పద్ధతి పెట్టాను. నీ నోట్లో ఉన్నది పాపో, గింజో చూసే బాధ్యత ఇంకెవరికీ లేకుండా పోయింది." అప్పుడు అందర్నీ పిలిచి చెప్పింది. "ఇవాళ్టినుంచి పాపలందరూ అక్కలందరికీ పాపలే. దారిలో ఎవరెదురైనా ఆగండి. మొహానికి మొహం ఆనించండి. ఎవర్ని ఎత్తుకున్నావు? తిన్నదా? నువ్వు తిన్నావా? ఈ మాట అడిగాకే అడుగెయ్యండి."

"ఆగితే ఆలస్యమవదా అమ్మా?" అని ఎవరో అడిగారు.

అందుకు తల్లి జవాబు చెప్పనక్కర్లేకపోయింది. "అవదు," అంది ఉరుకులమ్మ.

మరి ఆ బియ్యపు గింజ ఏమైందంటారా? దానికి 'ఉరుకులమ్మ పెద్దబిడ్డ' అని పేరుపెట్టి కొన్నాళ్ళు అందరూ జోలలు పాడి ఏడిపించారు. వాన తెరిపివ్వకపోయేసరికి ఒకరోజు పెద్దబిడ్డని ముక్కలు చేసి అందరికీ పంచారు. అందరికంటే ఎక్కువ తిన్నది బొద్దులే. తిని ఏమందో మీకు తెలుసు.

కొన్నాళ్ళకి బొద్దులుకీ కాళ్ళొచ్చాయి, మీసాలొచ్చాయి. దాని చేతిలోనూ ఓ పాపాయిని పెట్టారు. ఇంకో మబ్బొచ్చిన రోజున బొద్దులు ఆ పాపని నోట కరుచుకొని గోడమీద వేగంగా పోతుంటే, ఎదురుగా ఓ ముసలి చీమ అడ్డంగా నిలబడింది.

"ఆగు. ఎవర్ని ఎత్తుకున్నావు?"

బొద్దులు ఆగింది. ముసలి అక్క మొహానికి తన మొహం ఆనించింది. "చెల్లినే అక్కా. బియ్యం కాదు."

"ఏదీ, చూడనీ," అంది ఉరుకులమ్మ. చూసింది. తడిమింది. పాప మెత్తగా, వెచ్చగా ఉంది. అప్పుడు దారిచ్చింది.

అప్పటినుంచే చీమలు ఎంత పనిలో ఉన్నా, ఎంత తొందరలో ఉన్నా, దారిలో ఒకదానికొకటి ఎదురైతే ఆగుతాయి. మీసాలు తాకించుకొని, మొహానికి మొహం ఆనించి, ఒక్క మాట అనుకొని అప్పుడు కదుల్తాయి. మీ గోడమీదా చూడండి. చూస్తున్నప్పుడు మాత్రం తొందరపెట్టకండి, మధ్యలో వేలు పెట్టకండి. వాటి ఇంట్లో పాపలు చాలామంది. ఎవరి దగ్గర ఎవరున్నారో కనుక్కుంటున్నాయి.